కడవ పెంకులో దానిమ్మ

మా నాయన తిన్న చివరి దానిమ్మకాయలోంచి ఒక గింజ జారి కింద పడింది. ఆ ఎండాకాలమంతా మా ఇల్లు ఆ ఒక్క గింజ చుట్టూ తిరిగింది.

రాసుకో మనవరాలా, నేను మెల్లగానే చెప్తాను. అది ఆంధ్ర రాష్ట్రం రాకముందు ఎండాకాలం. మేం కళ్యాణదుర్గంలో ఒక అద్దె గదిలో ఉండేవాళ్ళం. దూదేకులవాళ్ళం. ఊరూరా తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇవ్వడం మా పని. మా నాయన కరీం సాబ్ ముప్పై ఏళ్ళు దూది ఏకి ఆ దుమ్మంతా రొమ్ములో దాచుకున్నాడు. ఆ చలికాలం మంచం పట్టాడు. నేను అనంతపురం పోయి ఒక్క దానిమ్మకాయ తెచ్చాను. అప్పట్లో దానిమ్మ అంటే రోగమొచ్చిన ఇంట్లోనే కనిపించేది.

మా అమ్మ మస్తానాబీ నాయన ఒడిలో తెల్లగుడ్డ పరిచి, కాయ ఒలిచి, ఒక్కొక్క గింజా ఆయన నోట్లో పెడుతూ కూర్చుంది. గుడ్డ ఎందుకంటే, మా ఇళ్ళలో ఒక మాట ఉంది. ప్రతి దానిమ్మకాయలో ఒక్క గింజ జన్నత్ నుంచి, అంటే స్వర్గం నుంచి వచ్చిందట. అది ఏ గింజో ఎవరికీ తెలియదు. అందుకని ఒక్కటి కూడా కింద పడనీయకూడదు.

సగం కాయ అయ్యేసరికి నాయనకు దగ్గు వచ్చింది. ఆ కుదుపు అమ్మ చేతికి తగిలింది. ఒక గింజ గుడ్డ దాటి, మంచం దాటి, నేల బండల సందులో పడింది.

"అయ్యో, ఎత్తురా రహంతూ!" అని అరిచింది అమ్మ. నా పేరు రహంతుల్లా, ఆమెకు రహంతూ.

నేను మంచం కిందికి దూరి చీపురుపుల్లతో సందంతా కెలికాను. దొరకలేదు.

"పోనీలే మస్తానమ్మా," అన్నాడు నాయన. "కాయ నిండా ఉండాయి గదా. అదొక్కటేనా గింజ?"

"అదే అయితే?"

"అదే అయితే చీమ తిననీ. చీమ గూడా పోవాల గదా జన్నత్‌కు."

నవ్వాడు, మళ్ళీ దగ్గాడు. మర్నాడు మధ్యాహ్నం నమాజు వేళకు పోయాడు.

మూడోనాడు గోరీ దగ్గర చేసే జియారత్ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, అమ్మ మంచం జరిపి నేల కడిగింది. ఆ నీళ్ళకు గింజ సందులోంచి తేలి వచ్చింది. పైపొర ఎండి నల్లబడి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. నన్ను చూసి ఒకటే మాట అంది.

"నా చేతిలోంచే జారింది రా."

కాయలోని మిగతా గింజలన్నీ ఆమెకు మామూలు గింజలైపోయాయి. జారిందే జన్నత్ గింజ అని ఖాయం చేసుకుంది. ఎవరేం చెప్పినా వినలేదు. ఆ గింజ చెట్టయి, చెట్టు కాయ కాసి, ఆ కాయ మీద నాయన పేరుతో ఫాతెహా ప్రార్థన చదివిస్తే, ఆయనకు అందకుండా పోయినది ఆయనకు చేరుతుందని ఆమె నమ్మకం.

చెట్టు పెట్టడానికి మాకు జానెడు నేల లేదు. ఉన్నదంతా బండలు. హబీబా ఓటి కడవ అడుగును పెంకుగా పగలగొట్టి ఇచ్చింది. హబీబా అంటే మీ జేజే. అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది. ఆమె పుట్టిల్లు బుక్కరాయసముద్రం. అక్కడి చెరువు ఎండితే నల్లటి ఒండ్రు పైకి తేలింది. ఒక మూట ఒండ్రు నెత్తిన పెట్టుకుని వచ్చింది. అత్తకు ఆమె ఇచ్చిన మొదటి కానుక అదే అనుకుంటాను.

ఇరవై రోజులకు మొలక లేచింది. వంగి, రెండు ఆకులు నెత్తిన మోసుకుని.

ఉగాదికి ముందు మేం ఊళ్ళ మీదికి బయలుదేరాలి. గదిలో కూర్చుంటే ఏముంది తినడానికి? మొలకను పక్కింటివాళ్ళకు అప్పగించి పోదామన్నాను.

"వాళ్ళ పిల్లలు పీకినా, మేక తిన్నా నువ్వు తెచ్చిస్తావా?" అంది అమ్మ.

"మరి ఎట్లమ్మా? ఊరూరూ మోసుకుని తిరుగుతామా?"

"విల్లును మోస్తాండావు గదా. అది బరువు లేదా?"

అలా బయలుదేరాం. నా భుజాన దూదేకే విల్లు. హబీబా నెత్తిన బట్టల మూట, వంట గిన్నెలు. వెనక అమ్మ, నెత్తిన గుడ్డ చుట్ట, దాని మీద కడవ పెంకు, అందులో నాలుగు వేళ్ళ ఎత్తు దానిమ్మ.

మూడు ఊళ్ళు తిరిగాం. రెండేళ్ళుగా వానలు లేవు. "తినేదానికే లేదు, పరుపు యాడ కుట్టించుకునేది?" అని పంపించేశారు. నాలుగో ఊరు శ్రీరంగప్పది. ఆయన యుద్ధంలో మిలిటరీకి పోయి వచ్చిన మనిషి. పింఛను వస్తుంది, నాలుగు కాండ్ల సేద్యం, అంటే నాలుగు జతల ఎద్దులతో దున్నేంత పొలం ఉంది. ఇంట్లో ఏడు పరుపులు ఏకాలని కబురు చేశాడు. కూలి జొన్నలు.

ఊరి మొదట్లోనే ఆయన పొలంలో పనిచేసే సేద్యగాడు తిప్పేస్వామి ఎదురయ్యాడు. నడుం మీద చేతులు పెట్టుకుని మా వరుసను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏమప్పా దూదేకులాయనా, చెట్టును నెత్తిన పెట్టుకుని తిరుగుతాండారే! నీడను వెంటబెట్టుకుని పోతాండారా?"

నేను మాట వెతుక్కునేలోపే అమ్మ అందుకుంది.

"ఔ నాయనా. మీ ఊర్లో నీడ గూడా కరువంటనే. మాది మేమే తెచ్చుకుంటిమి. కావాలంటే నువ్వూ వచ్చి కూచో కింద."

తిప్పేస్వామి పడీపడీ నవ్వాడు. మా విల్లు తీసి తన భుజాన వేసుకుని ఇంటిదాకా నడిచాడు.

శ్రీరంగప్ప మాకు ఎద్దుల కొట్టం ఇచ్చాడు. అప్పటికే మేత లేక ఎద్దులను అమ్మేశాడు, కొట్టం ఖాళీ. నీళ్ళ సంగతి మొదటిరోజే చెప్పాడు. ఊరి దిగుడుబావిలో అడుగు కనిపిస్తోంది. ఇంటికి రోజుకు రెండు కడవలు. బయటినుంచి వచ్చాం కాబట్టి మా ముగ్గురికీ ఒక కడవ. తాగడం, వండడం, అన్నీ అందులోనే.

ఆ ఒక్క కడవలోనే అమ్మ దానిమ్మకు దారి కనిపెట్టింది. నమాజుకు ముందు వజూ చేయాలి కదా, చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం. అమ్మ పెంకును ముందు పెట్టుకుని, దాని మీదికి వంగి వజూ చేసేది. చేతుల మీది నీళ్ళు, ముఖం మీది నీళ్ళు, మోచేతుల మీది నీళ్ళు అన్నీ చెట్టు మీద పడేవి. కాళ్ళ నీళ్ళు మాత్రం పక్కన. "కాళ్ళు కడిగిన నీళ్ళు మీ నాయన చెట్టుకు పోస్తానా?" అనేది. రోజుకు ఐదు పూటలు ఇదే వరుస.

శ్రీరంగప్ప ఒకరోజు అరుగు మీది నుంచి ఇదంతా చూశాడు.

"ఏమక్కా, నీ చెట్టు ఒక్క నమాజు గూడా తప్పేటట్టు లేదే!"

అమ్మకు సంతోషమైంది. చెట్టు కథ మొత్తం చెప్పింది. ఆయన దిగివచ్చి పెంకు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆకును వేలితో ఎత్తి చూశాడు.

"యుద్ధం అయిపోయినాక మమ్మల్ని జపాన్‌కు పంపినారు. ఆడ ఒక ముసలాయన ఇంట్లో ఇట్లాంటి పెంకులోనే చెట్టు చూసినా. జానెడు ఉండాది. మాను చూస్తే ముడతలు, మన చింతమాను మాదిరి. ఆయన తాత విత్తనం పెట్టినాడంట. మూడు తరాల చెట్టు మూరెడు లేదు. కాయ కాస్తాది, పూత పూస్తాది, అంతా చిన్నగా."

"కాయ గూడా కాస్తాదా?" అంది అమ్మ. ఆమె విన్నది అదొక్కటే.

"కాస్తాది. దానికి వాళ్ళు ఏదో పేరు చెప్పినారు. బోన్సాయి, బోన్సాయి అని."

తిప్పేస్వామి గడ్డివామి దగ్గరనుంచి తల తిప్పాడు. "బోను సాయిబా? అయితే మీవాడేనప్పా! అందుకే ఐదు పూటలూ నమాజు చేస్తాండాడు."

ఆ రోజు నుంచి ఊళ్ళో అందరికీ మా దానిమ్మ బోను సాయిబే. బావి దగ్గర ఆడవాళ్ళు హబీబాను "మీ బోను సాయిబు బాగుండాడా మే?" అని అడిగేవాళ్ళు. ఇంట్లో మగమనిషిని అడిగినట్టు.

శ్రీరంగప్ప ఆ పూట ఇంకో మాట కూడా చెప్పాడు.

"ఇంత తక్కువ మట్టిలో నిలబడాలంటే దీని తల్లివేరు కొయ్యాల అక్కా."

"ఏ వేరు?"

"తల్లివేరు. నిలువుగా దిగేది. దానికి లోతు కావాల. పెంకులో లోతు యాడుండాది? అడుగు తగిలి, చుట్టలు చుట్టుకుని, తన గొంతు తానే పిసుక్కుంటాది. అది కోసేస్తే పక్కన పిల్లవేర్లు ఊరతాయి. వాటికి ఈ మట్టి చాలు."

అమ్మ పెంకును ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పింది.

"మీ జపాన్‌లో తల్లులను కోసి పిల్లలను సాకుతారేమో నాయనా. మా దగ్గర అట్ల లేదు."

"సరేలే అక్కా. చూసింది చెప్పినా," అని ఆయన లేచిపోయాడు.

మూడు పరుపులు పూర్తయ్యేసరికి బావిలో నీళ్ళు ఇంకా దిగాయి. మా కడవ సగం కడవ అయింది. ఎవరూ పోట్లాడలేదు. సగం కడవ పోసేవాళ్ళ ముఖం చూస్తే పోట్లాడాలనిపించదు.

నేను కొట్టం ముందు కూర్చుని దూది ఏకుతున్నాను. హబీబా ఏకిన దూదిని గంపకెత్తుతూ దగ్గరికి వచ్చింది.

"ఇదో, ఒక మాట. అత్త మోచేతులు చూసినావా?"

"ఏమి మోచేతులకు?"

"మట్టి ఉండాది. ముఖానికి గూడా. పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా."

"కొట్టంలో మట్టి అంటుకోదా?"

"తయమ్ముం చేస్తాండాది," అంది హబీబా.

నీళ్ళు దొరకని చోట శుభ్రమైన మట్టి మీద అరచేతులు తట్టి ముఖానికి, చేతులకు రాసుకుంటే చాలు, వజూ అయినట్టే. అదే తయమ్ముం. నీళ్ళు లేనప్పుడు తప్పు కాదు. కానీ అమ్మకు నీళ్ళున్నాయి. సగం కడవలో వజూకని ఒక చెంబు హబీబానే విడిగా తీసిపెడుతోంది. ఆ చెంబు పూటపూటకూ ఖాళీ అవుతూనే ఉంది.

నేను విల్లు పక్కన పెట్టి కొట్టంలోకి పోయాను. అమ్మ వెనక గోడ దగ్గర ఉంది. చెంబును రెండు చేతులతో పట్టుకుని సన్నటి ధారగా దానిమ్మ మొదట్లో పోస్తోంది. మోచేతుల దాకా మట్టి.

"అమ్మా, నీళ్ళు పెట్టుకుని మట్టితో చేస్తే నమాజు చెల్లుతాదా?"

ఆమె ఉలిక్కిపడలేదు. చెంబు చివరిదాకా వంచింది.

"దప్పికైన గొడ్డుకు నీళ్ళు పెట్టి మనిషి తయమ్ముం చేసుకోవచ్చని మా నాయన చెప్పినాడు."

"గొడ్డు వేరు. చెట్టు గొడ్డా?"

"గొడ్డుకు అరిచేదానికి నోరుండాది. దీనికి లేదు. అంతేగదా తేడా."

"చెల్లకపోతే?"

"చెల్లకపోతే నా నమాజు పోతాది. నాదే గదా పోయేది." చెంబును బోర్లించి నేల మీద పెట్టింది. "మీ నాయనది ఒకసారి పోగొట్టినా. ఇంగోసారి పోగొట్టను."

నాకు చదువు లేదు. బయటికి వచ్చి దూది ఏకాను. ఆ రోజు ఏకిన దూది ఉండలు ఉండలుగా ఉందని హబీబా మళ్ళీ ఏకమంది.

అంత చేసినా దానిమ్మ పసుపుబారింది. కింది ఆకులు ముందు, తర్వాత నడిమి ఆకులు. అమ్మ నీళ్ళు చాలడం లేదనుకుంది. తాను తాగే నీళ్ళు తగ్గించింది. జొన్నగంజి మాత్రం తాగి, తన వాటా గ్లాసును కొంగు చాటున తీసుకుపోయేది. నాలుగు రోజులకు పెదాలు పగిలి రక్తం కనిపించింది. లేచి నిలబడితే గోడ పట్టుకునేది. హబీబా తన గ్లాసు ఇస్తే దాన్నీ చెట్టుకే పోసింది.

ఐదో రోజు శ్రీరంగప్ప దగ్గరికి పోయాను.

"అన్నా, వేరు కొయ్యాల."

"మీ అమ్మ ఒప్పుకునిందా?"

"లేదు."

ఆయన అరుగు దిగి వచ్చాడు. "చెట్టు బతుకుతాదని చేస్తాండావా, ఏమన్నా కానీ అని చేస్తాండావా?"

ఆయనకు చెప్పని మాట ఇది. నీకు చెప్తాను, రాసుకో. బతికితే బతుకుతుంది, చస్తే మా అమ్మ నీళ్ళు తాగుతుంది అనుకున్నాను. రెండోదే ఎక్కువ అనుకున్నానేమో కూడా. ఈ మాట నేను మీ జేజికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం అమ్మ కొట్టం లోపల నమాజుకు నిలబడింది. పెంకు వెనక గోడ నీడన ఉంది. పరుపు కుట్లు తెంపే చిన్న చాకును గుడ్డతో తుడిచాను. శ్రీరంగప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు గానీ చాకు పట్టుకోలేదు. "చెట్టు మీది. చెయ్యి గూడా మీదే ఉండాల," అన్నాడు.

హబీబా మట్టిని తడిపి, వేళ్ళతో కింది నుంచి చెట్టును పైకెత్తింది. ఆయన చెప్పింది నిజమే. నిలువుగా దిగిన వేరు పెంకు అడుగు తగిలి మూడు చుట్లు తిరిగి ఉంది, పడుకున్న పాములా. పక్కన వెంట్రుకల్లాంటి పిల్లవేర్లు నాలుగో ఐదో.

"యాడ కొయ్యాలన్నా?"

"ఈడ. పిల్లవేర్లకు వేలెడు కింద. ఒక్క కోతే. రంపం మాదిరి గీకొద్దు."

కోశాను. చప్పుడేమీ కాలేదు. దారం తెగినట్టు తెగింది. ఆయన చెప్పినట్టే పసుపు ఆకులు గిల్లేసి, చెట్టును మళ్ళీ పెంకులో పెట్టి, మట్టి అదిమాం. హబీబా తడిగుడ్డతో చేతులు తుడుచుకుంటుంటే వెనక అడుగుల చప్పుడు వినబడింది.

అమ్మ చూసింది. తడి మట్టి, చాకు, బండ మీద చుట్టుకుని పడి ఉన్న వేరు. ఒకదాని తర్వాత ఒకటి చూసింది. శ్రీరంగప్ప లేచి నిలబడి తలగుడ్డ తీసేశాడు.

"అక్కా, నాది తప్పు..."

"నాది," అన్నాను నేను.

ఆమె మా ఇద్దరినీ దాటి వచ్చింది. వంగి వేరును తీసుకుంది. కొంగులో పెట్టుకుని, గోడ చివరిదాకా నడిచి, నేల కొంచెం మెత్తగా ఉన్న చోట కూర్చుంది. చేతివేళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. హబీబా సాయం చేయబోతే వద్దని తల ఊపింది. జానెడు పొడవు, బెత్తెడు లోతు తవ్వింది. ఆ వేరు చుట్టలు విప్పి, సాపు చేసి, అందులో పడుకోబెట్టింది.

తర్వాత పిడికిలి నిండా మట్టి తీసుకుని వేసింది. రెండో పిడికిలి వేసింది. పెదాలు కదులుతున్నాయి. మూడోది వేసింది.

అప్పుడు నాకు తెలిసింది. మాలో ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు రారు. నాయనను మగవాళ్ళం మోసుకుపోయాం. గోరీలో దించాక వచ్చినవాళ్ళంతా తలా మూడు పిడికిళ్ళ మట్టి వేశాం, దారినపోయే మనిషి కూడా ఆగి వేసిపోయాడు. ముప్పై ఏళ్ళు ఆయన పక్కన నడిచిన మనిషి మాత్రం వాకిలి దాటలేదు. నాయనను పూడ్చి వచ్చి నేను కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ వచ్చి అడిగింది. "మట్టి ఎట్లుండె రా? తడిగా ఉండెనా, పొడిగా ఉండెనా?" నేను చూడలేదని చెప్పాను. నిజంగానే చూడలేదు.

అమ్మ ఆ చిన్న గుంతను అరచేత్తో సాపు చేసింది. చెయ్యి కాసేపు దాని మీదే ఉంచింది.

"పొడిగా ఉండాది," అంది.

ఆ సాయంత్రం నమాజుకు నీళ్ళ చెంబు తీసుకుని బయట కూర్చుంది. మట్టి పట్టిన చేతులు కడుక్కుంది, ముఖం కడుక్కుంది. పెంకు ఆమె ముందు లేదు. నీళ్ళు నేల మీద పడుతున్నాయి. తర్వాత గ్లాసు నీళ్ళు తాగింది. మొత్తం గ్లాసు. హబీబా కొట్టం గుంజకు ఆనుకుని ఆ తాగడాన్ని చూస్తూ నిలబడింది.

"చెట్టుకు ఈ పూట నువ్వు పొయ్యిమే," అంది అమ్మ. "పోస్తే ఎంత పోస్తావు? దోసెడు చాలు."

నాతో మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు. గంజి గిన్నె నా ముందు పెట్టి, "మీ ఆయనను తాగమనుమే," అని హబీబాతో చెప్పేది. నేను ఎదురుగానే ఉండేవాణ్ణి.

వారానికి దానిమ్మ ఆకులన్నీ రాల్చింది. పుల్ల మిగిలింది. తిప్పేస్వామి వచ్చి చూసి, "బోను సాయిబుకు గుండు గొరిగించినారే," అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తలగోక్కుంటూ పోయి, తాటాకుతో చిన్న గొడుగు లాంటిది అల్లుకొచ్చి పెంకు మీద నిలిపాడు. హబీబా పూటకు దోసెడు నీళ్ళు పోస్తూనే ఉంది. అమ్మ దగ్గరికి పోయేది కాదు. పరుపు కుట్లు వేస్తూ, దూరం నుంచి, "ఎట్లుండాది?" అని అడిగేది.

"అట్లే ఉండాది అత్తా."

పన్నెండో రోజు కాబోలు. ఏడో పరుపు కుట్టడం అయిపోయింది. రంజాన్ నెల పట్టేలోగా ఇల్లు చేరాలని మూటలు కడుతున్నాం. హబీబా గోడ దగ్గర వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"అత్తా," అంది.

నేనే ముందు పోయాను. పుల్ల మీద మూడు చోట్ల చీమతల అంత ఎర్రటి మొగ్గలు. దానిమ్మ చిగురు ఎర్రగానే వస్తుంది. అమ్మ వెనకనుంచి నా భుజం పక్కగా వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"తల్లివేరు లేకుండా ఎట్ల లేచింది రా ఇది?" అంది. మూడు రోజుల తర్వాత కూడా నాతో పొడిపొడిగానే మాట్లాడుతూ వచ్చింది. ఆ మాటతో మామూలు అమ్మ అయింది.

"నాకు తెల్దమ్మా."

"నీకేం తెలుసులే," అని నా నెత్తిన ఒక్కటి వేసింది.

తిరుగు ప్రయాణంలో పెంకు హబీబా నెత్తికి మారింది. ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయింది. గిన్నెల మూట అమ్మ తీసుకుంది. దారిలో ఒక పెద్ద గాలివాన తగిలింది. ముగ్గురం ఒక రాతి గుట్ట పక్కన నిలబడి తడిశాం. దూది లేదు కాబట్టి తడిసినా నష్టం లేదని అమ్మ అంది.

రంజాన్ అయిపోయింది, తొలకరి పడింది. కళ్యాణదుర్గం గది వాకిట్లో దానిమ్మ జానెడు ఎత్తు లేచింది. ఒక కొమ్మ మాత్రం అడ్డంగా, పక్కదాని మీదికి పాకుతోంది. శ్రీరంగప్ప చెప్పిన ప్రకారం అలాంటివి కత్తిరించాలి. హబీబా రెండు రోజులు దాని చుట్టూ తిరిగింది. కొమ్మను వంచి చూస్తుంది, వదిలేస్తుంది. అమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

చివరికి హబీబా ధైర్యం చేసింది.

"అత్తా, ఈ కొమ్మ ఇట్లొచ్చింది. కొయ్యాలంట. కోసేదా, వద్దా?"

చేట ఆగింది. నేను గుమ్మం దగ్గర విల్లుకు నరం బిగిస్తూ అమ్మ ముఖమే చూస్తున్నాను. ఆమె పెంకు వైపు తల తిప్పి, కొమ్మను చూసి, చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పడేసింది.

"కొయ్యిమే," అంది. "చెట్టే గదా."